పొట్ట చూపించని దుప్పులు

ఏనుగుమెట్ట అడవిలో దుప్పులు, ఎలుగుబంట్లు, అడవిపందులు ఉండేవి. ఏటా తొలకరి పడగానే ఒక ముసలి గోరింక నల్లబండ మీదికి వచ్చి కూర్చునేది. వయసు మళ్లిన జంతువులు దాని ముందు వెల్లకిలా పడుకోవాలి. ముసలి చర్మం వదులుగా ఉంటుంది, పురుగు సులువుగా లోపలికి దూరుతుంది. గోరింక చంకల్లో, పొట్ట కింద, గిట్టల సందున వెతికి ఆ పురుగును ముక్కుతో లాగేసేది. పురుగు చిన్నగా ఉన్నప్పుడు నొప్పి ఉండదు. చిక్కంతా అక్కడే ఉంది.

దుప్పుల మందకు పెద్ద కొమ్ముదొర. ఆయన పొగరు ఆయన కొమ్ములకంటే పొడుగు. ఆయనకూ, ఆయన భార్యకూ వయసు మళ్లడంతో గోరింక స్వయంగా వెళ్లి ఇద్దరినీ పిలిచింది.

"నొప్పి లేనివాళ్లకు పరీక్ష దేనికి? మేమిద్దరం రాము" అన్నాడు కొమ్ముదొర.

ఆయన భార్య చుక్కమ్మ మెల్లగా అంది, "ఒక్కసారి చూపించుకుంటే పోయేదేముందండీ?"

"పోయేది పరువు. దొర పెళ్లాం నలుగురిలో పొట్ట చూపిస్తూ పడుకుంటే, రేపు మందలో నా మాట ఎవరు వింటారు?"

చుక్కమ్మ తల దించుకుని గడ్డి మేసింది. గోరింక కూడా ఆమెను విడిగా అడగలేదు.

ముసలి ఎలుగుబంటి బుడగయ్య సణుక్కుంటూనే వెళ్లాడు. చంకలో పురుగు దొరికింది. లాగించుకుని, తిట్టుకుంటూ తేనె వెతుక్కోవడానికి పోయాడు. "సిగ్గులేని ముసలాడు" అని కొమ్ముదొర మంద ముందు నవ్వాడు.

వానలు వెనకబట్టేసరికి చుక్కమ్మ మేత మానేసింది. అప్పుడు దొర పరుగెత్తి వెళ్లి గోరింకను తీసుకొచ్చాడు. గోరింక ఆమె పొట్ట కింద చూసి రెక్కలు ముడుచుకుంది.

"తొలకరిలో ఇది జొన్నగింజంత ఉండి ఉంటుంది. ఇప్పుడు నా ముక్కు అందనంత లోపలికి పోయింది" అంది.

దొరకు భయం వేసింది. భయంలోనూ కోపమే వచ్చింది. "ముందే గట్టిగా చెప్పొచ్చు కదా" అని చుక్కమ్మ మీద విసుక్కున్నాడు.

"చెప్పానండీ" అంది చుక్కమ్మ. మూడో రోజున ఆమె చనిపోయింది.

మరుసటి తొలకరికి అందరికంటే ముందు కొమ్ముదొరే నల్లబండ దగ్గరికి వెళ్లాడు. మందంతా చూస్తుండగా వెల్లకిలా పడుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. గోరింక ఒళ్లంతా వెతికింది.

"నీకేమీ లేదు. ఇంకా చాలా ఏళ్లు బతుకుతావు" అంది.

ఆ మాట వినలేక కొమ్ముదొర ఏడ్చాడు.

నీతి: ఒంట్లో నొప్పి లేనప్పుడే పరీక్ష చేయించుకోవాలి, మన పరువు కోసం మనవాళ్లను ఆపితే, ఆ తప్పుకు శిక్ష ముందు వాళ్లకే పడుతుంది.