కొక్కులమ్మ తిప్ప: తవ్వులమ్మ వెలసిన చోటు

ఎర్రమట్టి దిబ్బల నడుమ ఉన్న కొక్కులమ్మ తిప్పపై అమ్మవారు నడుము వంచి నేల తవ్వుతున్న రూపంలో దర్శనమిస్తుంది. పాదాల చెంత పందికొక్కు ఉంటుంది. చుట్టుపక్కల రైతులు ఆ జీవిని గాదెదొంగ అని తిట్టుకున్నా, ఈ తిప్ప మీద మాత్రం అమ్మవారి పేరుతోనే తవ్వులమ్మ అని పిలుస్తారు.

పూర్వం ఇక్కడ వానలు ముఖం చాటేశాయి. బావులు అడుగంటి, జనం బండ్లు కట్టుకుని వలసకు సిద్ధమయ్యారు. దారి బత్తేనికి గింజలైనా దొరుకుతాయని తిప్ప మీది పందికొక్కు కలుగు తవ్వడానికి పూనుకున్నారు. గడ్డపార పట్టింది వడ్డె ఎల్లక్క. బావి తవ్వుతూ గట్టు విరిగిపడి చనిపోయిన ఓబులేసు భార్య ఆమె.

కలుగులో దోసెడు జొన్నలు దొరికాయి. ఇంకా లోపల తల్లికొక్కు కళ్లు తెరవని పిల్లల్ని వెనకేసుకుని, పారిపోకుండా నేలను తోడుతోంది. అది చిమ్మిన మట్టి ఎల్లక్క ముఖాన పడింది. చల్లగా, తడిగా ఉంది.

"కర్ర తేండ్రా!" అన్నాడు ఊరిపెద్ద వీరపరెడ్డి.

ఎల్లక్క అడ్డంగా నిలబడింది. "కొట్టొద్దు పెద్దయ్యా. ఈడ నీళ్లుండాయి. నేను తవ్వుతా."

"నీ మొగుడు అట్టాంటి గుంతలోనే పాయె గదమ్మే!"

"పోయినాడు. ఆయప్ప పని నేనూ ఇడిసిపెడితే ఇంగెవరు చేస్తారు?"

ఆమె తల్లినీ పిల్లల్నీ గంపలో తెచ్చి పొద నీడన వదిలింది. బండ్లు కదిలిపోయాయి. ఆడబిడ్డ పాపక్క ఒక్కతే మట్టి మోయడానికి మిగిలింది. అరచేతులు పగిలినా ఎల్లక్క ఆగలేదు. చివరికి బండ అడ్డం పడింది. గడ్డపార వంగిపోయింది. ఆమె బండ మీదే కూలబడి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి కునుకు పట్టగా, "పక్కన తవ్వు బిడ్డా" అని ఒక ఆడగొంతు వినిపించింది. దిగ్గున లేచి, వంగిన గడ్డపారతోనే బండ పక్కన పొడిచింది. నీళ్లు ఉబికివచ్చాయి. ఆ ఊపుకు ఒరిగిన బండపై అమ్మవారి రూపం కనిపించింది.

పాపక్క బండ్ల వెంట పరుగెత్తి అందరినీ మళ్లించింది. వీరపరెడ్డి తలగుడ్డ తీసి, ఎల్లక్క చేతుల నెత్తురు కడిగిన తరువాతే తాను దాహం తీర్చుకున్నాడు.

నేటికీ ఈ తిప్పపై కలుగులకు పొగ పెట్టరు. కొత్త జొన్నల్లో తొలి దోసెడు వాటి ముందే పోస్తారు. ఇల్లు, బావి, చదువు, ఏ పనైనా నడుమ ఆగిపోయినవారు ఇక్కడ గుప్పెడు మట్టి తవ్వి మొక్కుకుంటే అమ్మ దారి చూపుతుందని నమ్మకం. నియమం ఒక్కటే. మొక్కినవారు తిప్ప దిగి ఇంటికి వెళ్లరాదు. ఆగిన పని దగ్గరికే నేరుగా వెళ్లాలి.