ఎడమవైపు గొంతు

మంగళవారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు ఫిలోమినా టీచర్ వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. గేటు తోసుకుని సుగుణాకర్ వచ్చాడు. ఆమె కుడిపక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కూర్చోగానే కాలు ఊపడం మొదలుపెట్టాడు. టీచర్ మొహం పూర్తిగా అతని వైపు తిప్పారు.

టీచర్ సికింద్రాబాద్‌లో ఒక చర్చిలో ఆర్గన్ వాయిస్తారు. ఇరవై ఏళ్ల కిందట సుగుణాకర్‌కి కీబోర్డు నేర్పారు. ఇప్పుడతను ఒక దినపత్రికలో 'ఈరోజు దొరికిన పాట' పేరుతో రోజూ నాలుగు పేరాలు రాస్తాడు. పాప్, ఎలక్ట్రానిక్ సంగీతంలో కొత్తగా వచ్చినవాటిలోంచి రోజుకొకటి. రెండు వందల పదకొండు అయ్యాయి.

"రాయడం మానేద్దామనుకుంటున్నా టీచర్," అన్నాడు. "రెండు నెలల నుంచి ఏ పాటా పట్టడం లేదు. నలభై సెకన్లు దాటితే వేలు దానంతటదే తర్వాతి పాట మీదికి పోతోంది. పాటలే అలా వస్తున్నాయో, నాలోనే ఏదైనా పోయిందో తెలియడం లేదు."

"ముందు ఆ కాలు ఆపరా. కాయలు కింద పడుతున్నాయి. రేపటి పాట ఏంటి?"

"ఖమ్మంలో సుచరిత అని, ల్యాబ్ టెక్నీషియన్. ల్యాప్‌టాప్ మీద సొంతంగా చేసుకుంది. మొదటి పాట. ఇంతవరకు ఎవరూ దాని గురించి రాయలేదు." ఫోన్ తీసి తను రాసుకున్నది చదివాడు. "'ప్రతి పాదం తర్వాతా ఒక ఖాళీ. చెప్పడానికి ఏమీ లేక వదిలేసినట్టుంది.' ఆరింటికల్లా పంపాలి."

"పాపం, నీతోనే మొదలన్నమాట ఆ పిల్లకి."

ఇయర్‌ఫోన్స్‌లో ఒకటి అతని కుడి చెవిలో ఉంది. రెండోది చొక్కా గుండీ దగ్గర వేలాడుతోంది.

"అదెందుకు అలా వేలాడుతోంది?"

"ఎవరైనా పిలిస్తే వినబడాలి కదా టీచర్. ఆఫీసులో అయినా, బండి మీద అయినా ఎప్పుడూ ఇంతే."

"ఇప్పుడెవరు పిలిచారు?"

"ఇంకా ఎవరూ పిలవలేదు."

"అయితే అది నాకివ్వు. ఇటువైపు వచ్చి కూర్చో."

కుర్చీ ఎత్తి ఆమె ఎడమపక్కకి మార్చుకున్నాడు. టీచర్ చేతులు కొంగుకి తుడుచుకుని, వేలాడేదాన్ని ఎడమ చెవిలో పెట్టుకున్నారు. పాట మొదలైంది.

అతను విన్నదే. సన్నటి దరువు, అమ్మాయి గొంతులో ఒక పాదం, తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో టీచర్ చిన్నగా కూనిరాగం తీశారు. రెండో ఖాళీలో మళ్లీ తీశారు. ఒక్క దరువు అటూ ఇటూ కాలేదు.

అతను పాట ఆపి నవ్వాడు. "ఖాళీలు బాగానే నింపుతున్నారు టీచర్. ఆ పిల్ల కంటే మీరే నయం."

"నేను నింపడమేంట్రా? వినబడింది పాడుతున్నా. ఎవరో పెద్దావిడ గొంతు. నీ వైపు ఏముంది?"

"అమ్మాయి పాడుతోంది."

"నా వైపు అమ్మాయి లేదు," అన్నారు టీచర్. చెవిలోది తీసి అతని చేతిలో పెట్టారు.

రెండూ పెట్టుకుని మొదటి నుంచి విన్నాడు. కుడివైపు అమ్మాయి ఏదో అడుగుతోంది. ఎడమవైపు పెద్దావిడ బదులు చెబుతోంది. నలభై సెకన్లు దాటాయి. కాలు ఊగడం లేదు.

"సుగుణాకర్," అని పిలిచారు టీచర్. కాసేపాగి మళ్లీ పిలిచారు. తర్వాత చిక్కుడుకాయలు ముందుకు లాక్కున్నారు.

పాట అయిపోయాక అతను తలెత్తాడు. "పిలిచారా టీచర్?"

"పిలిచాను. ఏం లేదులే."

రాసిన రెండు వాక్యాలూ కొట్టేశాడు. అంతకుముందు రాసిన రెండు వందల పదకొండు పాటల జాబితా తెరిచాడు. మొదటి పేరు దగ్గరే చాలాసేపు ఆగిపోయాడు.

సుచరిత పాట గురించి పేపర్లో ఒక రోజు ఆలస్యంగా, గురువారం వచ్చింది. ఆదివారం ఆ కాగితం పట్టుకుని సుగుణాకర్ చర్చికి వెళ్లాడు. ఆరాధన అయిపోయింది. టీచర్ ఇంకా ఆర్గన్ ముందే కూర్చుని ఉన్నారు. కుడివైపు నిలబడి మూడుసార్లు పిలిచాడు. ఆమె తిరగలేదు.

పాటల పుస్తకాలు సర్దుతున్న రాజమణి నవ్వింది.

"అటు నుంచి ఎంత పిలిస్తే ఏం లాభం అన్నా? విషజ్వరం వచ్చినప్పుడు టీచర్‌కి ఆ చెవి పోయింది. తొమ్మిదేళ్లయింది."