మంత్రిగారి ఆకలి కబురు

అనగనగా గంధవరం రాజ్యంలో విరూపాక్షుడనే మంత్రి. ఊరూరా మందుల గదులకి తాళాలేయించి, వాటికయ్యే సొమ్మంతా కొండకో నగారా పెట్టించడానికి తగలేశాడు. ఎవరికి జబ్బు చేసినా నగారా మోగిస్తే చాలు, కబురు కొండ నుంచి కొండకి పాకి చిటికెలో కోటలో రాజవైద్యుడికి తెలిసిపోతుంది.

ఓ కొండ కింది ఊళ్లో నూకాలు అనే ఆవిడ మొగుడు చలిజ్వరంతో వణికిపోతున్నాడు. కబురెళ్లింది. "తెలిసింది" అని తిరుగు నగారా కూడా మోగింది. మందే రాలేదు.

ఆ రోజే మంత్రి తన నగారా చూసి మురిసిపోదామని ఆ ఊరొచ్చాడు. ఊరికొచ్చిన పెద్దలకి వండిపెట్టే వంతు ఈసారి నూకాలుది. విస్తరి ముందు కూర్చున్నాక తినకుండా లేస్తే ఆ రాజ్యంలో తలవంపులు. మంత్రి కూర్చున్నాడు. నూకాలు వడ్డించకుండా వెళ్లి నగారా మోగించి వచ్చింది.

"అన్నమేదే?"

"తమరికి ఆకలేస్తోందని కోటకి కబురెట్టాను బాబూ. అదుగో, తెలిసిందంటున్నారు. ఇక చెయ్యి కడుక్కోండి."

"పిచ్చా నీకు? కబురుతో కడుపు నిండుతుందా?"

"మా ఆయనకి జ్వరం తగ్గుతుందన్నారుగా, తమరికి కడుపు నిండదా?"

జనం ఫక్కుమన్నారు.

"చెరసాల్లో వేయిస్తా! ఇంకెవరైనా వడ్డించండి!"

ఒక్కరూ కదల్లేదు. కూర వాసన మాత్రం కమ్మగా వస్తోంది. మంత్రి గుటకలు మింగి, "ఆ మందుల గది తాళం తియ్యండ్రా!" అని అరిచాడు.

తాళం తీశారు. అయినా నూకాలు గరిటె ముట్టలేదు.

"మా ఊరిదొక్కటే కాదు బాబూ, అన్ని ఊళ్లవీ తియ్యమనండి. ఆ కబురు నగారాలో పంపండి. దానికైతే అది బాగా పనికొస్తుంది."