పెంచలమ్మ పొద్దు

అనగా అనగా, మా తాతల తాతలు కూడా "ఎప్పుడో జరిగిందట" అని చెప్పుకున్నంత వెనకటి మాట. మంచేటిపాళెం అని ఒక చిన్న సంత ఊరు. ఊరు దాటితే బాట మీద వరసగా మూడు వాగులు. పొద్దున్నే వాగుల మీంచి మంచు లేస్తే ఊరు ఊరంతా మబ్బులో తేలుతున్నట్టు ఉండేదట.

ఆ ఊళ్ళో పెంచలమ్మ అని దువ్వెనలమ్మే మనిషి ఉండేది. నా అన్నవాళ్ళు లేరు. ఒకప్పుడు ఒక చెల్లెలుండేది. ఆ పిల్ల మతి చెదిరి, ఒకనాడు మంచులోకి నడిచి వెళ్ళిపోయింది. మళ్ళీ కనబడలేదు. అందుకే పెంచలమ్మ ఏ ఊరికి దువ్వెనలమ్మబోయినా, ముందు ఆ ఊరి సత్రం చూసేది, చెట్టు కింద చూసేది, ఆ తర్వాతే బుట్ట దించేది.

మంచేటిపాళెం సంత చావిట్లో ఇల్లూ వాకిలీ లేనివాళ్ళు ముగ్గురు చేరారు. ఒకడు పొద్దస్తమానం నడుస్తూనే ఉండేవాడు. ఒక ముసలాయన గాలితో మాట్లాడేవాడు. ఒకామె అసలు మాట్లాడేదే కాదు. జుట్టు జడలు కట్టి, గోడవైపు తిరిగి కూచునేది. ఊరు ముగ్గురికీ కలిపి ఒకటే పేరు పెట్టింది, పిచ్చోళ్ళని.

పెంచలమ్మ ఒక పొద్దున చావిడి దగ్గర ఆగింది. "కూచోనా తల్లీ?" అంది. గోడవైపున్న ఆమె ఇటు తిరగలేదు. పెంచలమ్మ దూరంగా కూచుని, కాసేపుండి వెళ్ళిపోయింది. రెండో పొద్దున మళ్ళీ వచ్చింది. "కూచోనా తల్లీ?" తిరగలేదు. మూడో పొద్దున "కూచోనా" అనేలోపే ఆమె గోడ విడిచి ఇటు తిరిగింది. తిరిగి, తల వంచింది. ఆ చిక్కులు తీయడానికి మూడు పొద్దులు పట్టింది.  పెంచలమ్మ వేళ్ళు ఆగకుండా కదిలాయి. అలా దువ్వుతుంటే తన చెల్లెలి తలే ఒళ్ళో ఉన్నట్టు అనిపించేది.

ఇంతలో జాతర వచ్చింది. ఊరి పెద్ద చెంగల్రాయుడు బండి ఓబులేసుని పిలిచాడు.

"పైఊళ్ళవాళ్ళు వస్తారు. చావిట్లో వీళ్ళుంటే మన పరువేం కాను? మూడు వాగుల అవతల దించేసి రా" అన్నాడు.

తెల్లారేసరికి బండి కట్టారు. ముగ్గురినీ ఎక్కించారు. పెంచలమ్మ పరుగున వచ్చి, బుట్ట అక్కడే పడేసి, తనూ ఎక్కి కూచుంది.

మొదటి వాగు వచ్చింది. "దిగు పెంచలమ్మా, నీకు ఊరుంది కదా" అన్నాడు ఓబులేసు.

"వీళ్ళకి లేని ఊరు నాకెందుకు నాయనా" అంది.

రెండో వాగు వచ్చింది. "దిగు పెంచలమ్మా, నీకు ఊరుంది కదా."

"వీళ్ళకి లేని ఊరు నాకెందుకు నాయనా."

మూడో వాగు దాటాక ఓబులేసు ఇంక అడగలేకపోయాడు. నలుగురినీ దించి, తల తిప్పకుండా బండి మళ్ళించుకు పోయాడు.

చుట్టూ మంచు. దారి కనబడదు. ఎద్దుల గంటల చప్పుడు పలచనై, పలచనై, కలలో విన్నట్టు ఆగిపోయింది. పెంచలమ్మకి భయమేసింది. చెల్లెలు కూడా ఇలాంటి తెల్లదనంలోకే పోయింది కదా అనుకుంది. అప్పుడు నడిచేవాడు లేచి ఊరివైపు నడిచాడు. వాడు తొక్కని బాట లేదు. వాడి వెనక మిగతా ముగ్గురూ నడిచారు.

రెండో వాగులో పెంచలమ్మ నాచు మీద జారి పడింది. కాలు విరిగింది. "నన్నొదిలి మీరు పొండి నాయనా" అని ఏడ్చింది. ఎవరూ పోలేదు. మాట్లాడనామె వంగి, పెంచలమ్మని వీపున ఎత్తుకుంది. నడిచేవాడు ముందు. ముసలాయన పక్కన నడుస్తూ పెంచలమ్మకి స్పృహ తప్పకుండా మాట్లాడుతూనే ఉన్నాడు, గాలి అడుగుతోందమ్మా, నీ పేరేంటని అడుగుతోంది, చెప్పు, చెప్పు అని.

మిట్టమధ్యాన్నానికి నిండు జాతర మధ్యకి వచ్చారు. డప్పులు ఆగిపోయాయి.

"మళ్ళీ వచ్చారా! వీళ్ళనెవరు తెచ్చారు?" అని అరిచాడు చెంగల్రాయుడు.

మాట్లాడనామె పెంచలమ్మని మెల్లగా దించింది. ఊరు ఎన్నడూ వినని గొంతు లేచింది.

"మమ్మల్ని ఎవరూ తేలా. మేమే ఈమెని తెచ్చాం. నా పేరు మస్తానమ్మ."

ఓబులేసు మొదట కదిలాడు. తలపాగా విప్పి విరిగిన కాలికి చుట్టాడు. కట్టు కట్టే వైద్యుణ్ణి ఎవరో పిలుచుకొచ్చారు. చెంగల్రాయుడు ఆ జాతరంతా తల ఎత్తలేదు.

పెంచలమ్మ మళ్ళీ నడవలేదు. ఆ ముగ్గురితోనే చావిట్లో ఉండిపోయింది. వైద్యుడు ముగ్గురికీ కషాయాలిచ్చాడు. జబ్బులు పోయాయా అంటే పోలేదు. మస్తానమ్మ కొన్నాళ్ళు నవ్వేది, కొన్నాళ్ళు గోడవైపు తిరిగేది. తిరిగిన రోజుల్లో పెంచలమ్మ పక్కనే జరిగి కూచునేది.

ఒక మంచు పొద్దున పెంచలమ్మ కళ్ళు తెరవలేదు. పెదాల మీద మాత్రం, ఎవరో దొరికినట్టు, చిన్న నవ్వు.

పెంచలమ్మ పోయిన మూడో నాడు మస్తానమ్మ ఇంటింటికీ వెళ్ళింది. అడుక్కోవడానికి వచ్చిందనుకుని ఇళ్ళవాళ్ళు అలవాటుకొద్దీ చేటలో గింజలు తెచ్చారు.

"గింజలొద్దమ్మా. ఒక్క పొద్దు ఇయ్యండి. వచ్చి మా దగ్గర కూచోండి" అంది.

మొదట ఓబులేసు పెళ్ళాం వెళ్ళి కూచుంది. తర్వాత పక్కింటామె. ఆ తర్వాత చెంగల్రాయుడే వెళ్ళి, ఏం మాట్లాడాలో తెలీక, పొద్దంతా ఊరికే కూచుని వచ్చాడట.

ఇప్పటికీ ఆ ఊళ్ళో చావిడి ఉంది. ఇల్లు లేనివాళ్ళు, మనసు బాగాలేనివాళ్ళు ఎక్కడెక్కడినుంచో వచ్చి ఉంటారు. రోజూ ఒక ఇంటివాళ్ళు వెళ్ళి వాళ్ళతో కూచుంటారు. కొత్త కోడలికి అత్తగారు పొయ్యి చూపించేటప్పుడే ఆ వంతు కూడా చెబుతుంది.

పొద్దున్నే మంచులో ఒక గుమ్మంలోంచి కేక వినబడుతుంది, "ఇవాళ పెంచలమ్మ పొద్దు ఎవరిదమ్మా?"

తెల్లటి వీధిలో కనబడని ఇంకో గుమ్మంలోంచి జవాబు వస్తుంది, "మాదే! ఇదిగో, పోతున్నా."