మద్దిలేటి సగం మాట, జింక వేట

అనగనగా, అడవిని ఆనుకుని ఉన్న ఒక ఊళ్ళో మద్దిలేటి అని ఒకడు ఉండేవాడు. వాడి చెవులు రెండూ బాగానే పనిచేసేవి. కాకపోతే ఎదుటివాళ్ళ మాట సగమయ్యేసరికే వాడి కాళ్ళు పరుగందుకునేవి.

వేటగాడు ఓబయ్య కూతురు సుంకులమ్మ అంటే వాడికి ప్రాణం. ఆమెకూ వాడంటే ఇష్టమే. ఓబయ్య మాత్రం గట్టిపిండం. "మూడుసార్లు వేటకు పోరా. జింకను తెస్తే పిల్లనిస్తా. తేలేకపోతే పైఊరి సంబంధం ఖాయం చేస్తా" అన్నాడు.

"ఏ వేళకు పొమ్మంటావు మామా?" అన్నాడు మద్దిలేటి.

"జింకలు మేతకొచ్చేది తెల్లవారుజామున..."

మద్దిలేటి "తెల్లవారి జామ" దాకా విన్నాడు. తెల్ల అని ఇంటిపేరున్నవాళ్ళ ఇల్లొకటి ఆ ఊళ్ళో ఉంది. వాళ్ళ పెరట్లో జామచెట్టుంది. మనవాడు విల్లు పట్టుకుని చెట్టెక్కి కూర్చున్నాడు. అప్పుడు ఆ ఇంటి ముసలమ్మ చీపురు తిరగేసి వచ్చింది.

"కాయల దొంగా, దిగరా!"

"దొంగను కాను పెద్దమ్మా, జింక కోసం వచ్చా."

"జామచెట్టెక్కే జింకను మీ నాయన చూశాడా, మీ తాత చూశాడా?" అని నాలుగు అంటించింది.

నవ్వకే తల్లీ, పడుకుని విను.

ఆ తర్వాత మద్దిలేటి వీపు తడుముకుంటూ మళ్ళీ వచ్చాడు. "పోనీలే, మునిమాపు వేళ నీళ్ళకొస్తాయి..." అన్నాడు ఓబయ్య. వీడు "ముని" దాకా విన్నాడు. అడవి అంచున ఒక ముని ఉన్నాడు. మద్దిలేటి వెళ్ళగానే ఆయన వాడి చేతికి కడవ ఇచ్చాడు. వాగు నుంచి ఇరవై కడవలు మోసి, "జింక ఏది స్వామీ?" అన్నాడు వీడు.

"ఉండేది నాయనా. దానికీ ఇలాగే పనులు చెప్పాను. పారిపోయింది."

ఇక మిగిలింది ఒక్కసారే. సుంకులమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. ఓబయ్య మద్దిలేటి భుజాలు పట్టుకుని, "ఈసారైనా పూర్తిగా వినరా. మిట్టమధ్యాహ్నం మాత్రం పోవద్దు. అప్పుడు జింకలు నీడ వదిలి రావు" అన్నాడు. కానీ ఆయన చేతుల్లో భుజాలు లేవు. మద్దిలేటి "మిట్ట మధ్య" అన్నప్పుడే గడప దాటేశాడు.

ఊరి బయట ఒక బోడిమిట్ట ఉంది. దాని మీద గడ్డిపోచైనా లేదు. వాడు సరిగ్గా దాని మధ్యన తాటాకు గొడుగు వేసుకుని కూర్చున్నాడు. పొద్దు నడినెత్తికొచ్చింది. జింక జాడ లేదు. పైఊరి పెళ్ళికొడుకు తలపాగా కళ్ళముందు కనపడి ఏడుపొచ్చింది.

అప్పుడు మోచేతికి చల్లగా ఏదో తగిలింది. చూస్తే జింక ముక్కు! దారితప్పిన జింక ఒకటి, ఎక్కడా నీడ దొరక్క గొడుగు కిందికి దూరింది. మద్దిలేటి మెల్లగా లేచి నడిచాడు. నీడ ఎటు పోతే జింక అటే నడిచింది.

గుమ్మంలో జింకను చూసి ఓబయ్య నోరు తెరిచాడు. "వేటాడి తెమ్మంటే తోలుకొచ్చావేమిరా?"

"జింకను తెమ్మన్నావు, తెచ్చాను మామా."

నలభై ఏళ్ళు వేటాడినా, ఏ జింకా తనంతట తాను ఓబయ్య గుమ్మం తొక్కలేదు. "సరే, పిల్లనిస్తా. కానీ..." అన్నాడు.

ఆ కానీ తర్వాత ఏముందో ఈనాటికీ ఎవరికీ తెలియదు. "ఇస్తా" దాకా విన్న సుంకులమ్మ, ఊరందరినీ పెళ్ళికి పిలవడానికి అప్పటికే వీధి చివరికి చేరింది.

కథ పోయె కంచికి,
జింక పోయె కంచెకి,
నువ్వు పోవే మంచానికి!