డొప్పయ్య పచ్చనీళ్ళు

అనగనగా ఒక అడవి అంటాననుకున్నారు కదూ? కాదర్రా, ఈసారి సముద్రం. ఒడ్డున రాళ్ళ మధ్య ఒక మడుగు. అందులో డొప్పయ్య అనే పీత ఉండేవాడు. సొంత గుల్ల కూడా లేదు పాపం, ఎవరో వదిలేసిన శంఖంలో కాపురం. అయినా తన తెలివి మీద తనకి మహా నమ్మకం.

ఆ ఏడు ఎండలకి సముద్రం వెనక్కి జరిగింది. మడుగులోకి అలలు రావడం మానేశాయి. అలలతో కొట్టుకొచ్చే సన్నటి పచ్చ నాచూ రాలేదు. ఆల్చిప్పక్కకీ ఆవిడ పిల్లలకీ అదే తిండి. రాయికి అతుక్కుని బతికేవాళ్ళు, వెతుక్కుంటూ ఎక్కడికి పోతారు?

"తమ్ముడూ, పిల్లలు నీరసించిపోతున్నారు. ఏదైనా చెయ్యవూ?" అంది ఆల్చిప్పక్క.

"నేనుండగా నీకెందుకక్కా బెంగ!" అన్నాడు డొప్పయ్య. అనేశాక గానీ, తనకేమీ చేతకాదని గుర్తుకు రాలేదు.

నత్తపిన్ని దగ్గరికి పరిగెత్తాడు. పిన్ని దగ్గర గుక్కెడు పచ్చనీళ్ళున్నాయి. అదంతా నాచే.

"ఉన్నదంతా నీకే ఇస్తున్నానురా," అంది పిన్ని. "ఒడ్డున పడున్న గాజుసీసాలో నీళ్ళు నింపి ఇది కలుపు. పొద్దునా సాయంత్రం దొర్లించు, లేకపోతే అడుక్కి పేరుకుంటుంది. గవ్వతో తీసిన ప్రతిసారీ కొంచెం తోడు ఉంచి, మళ్ళీ నీళ్ళు పొయ్యి. ఆఁ, వాడిన గవ్వ కడుక్కో!"

మనం పెరుగుకి తోడు ఉంచుకోమూ, అలాగన్నమాట.

డొప్పయ్య సీసా దొర్లించాడు. తోడూ ఉంచాడు. గవ్వ కడగడం మాత్రం, "రేపు కడుగుతాలే పిన్నీ!" అనేవాడు. ఆ రేపు వస్తేనా! పాత గవ్వని రాతి చాటున పడేసి, కొత్తది తెచ్చుకునేవాడు.

సీసా పచ్చబడింది. రోజుకో గవ్వెడు పోస్తుంటే ఆల్చిప్ప పిల్లలు బొద్దుగా తయారయ్యారు.

ఇంతలో పక్క మడుగు పీతలు చూడ్డానికొచ్చాయి. "అబ్బో! ఇదంతా నువ్వే పండించావా బావా?"

ఇక ఆగుతాడా మన డొప్పయ్య? "ఇదేం చూశారు, ఇదిగో చూడండి!" అని సీసా పట్టుకుని అడుగంటా ఒంపేశాడు.

"తమ్ముడూ, గవ్వెడు చాలు! తోడు ఉంచు!" అని ఆల్చిప్పక్క అరిచింది. వినబడింది. వినబడనట్టు నటించాడు.

మడుగంతా చిక్కటి పచ్చ. పిల్లలు ఊపిరాడక చిప్పలు మూసేసుకున్నారు. తినగా మిగిలిందంతా కుళ్ళి కంపు కొట్టింది. చుట్టాలు లేని ముక్కులు మూసుకుని పారిపోయారు. మడుగులో ఉండే రొయ్యలు నానా తిట్లూ తిడుతూ ఆ కుళ్ళంతా ఎత్తిపోశాయి.

సీసాలో చుక్క లేదు. పిన్ని దగ్గరా లేదు. మళ్ళీ ఆకలి. అందరికన్నా చిన్న ఆల్చిప్ప, నోరు కొంచెమే తెరిచి, "మామయ్యా, ఇవాళ కూడా లేదా?" అంది. మర్నాడు అదీ అడగలేదు. తట్టినా చిప్ప తెరవలేదు.

డొప్పయ్యకి గుండె చెరువైంది. "ఛీ, నాదీ ఒక బుర్రేనా! ఇందులో ఉన్నది మెదడు కాదు, ఇసక!" అని ఏడుస్తూ, ఎవరికీ మొహం చూపించలేక రాతి చాటున దూరాడు.

అక్కడ కడగని గవ్వలన్నీ గుట్టగా పడున్నాయి. ఒకదాంట్లో అడుగున కాస్త నీళ్ళు నిలిచాయి. ఆ నీళ్ళు పచ్చగా ఉన్నాయి!

పడుతూ లేస్తూ సీసా దగ్గరికి మోసుకెళ్ళి, నీళ్ళు నింపి అది కలిపాడు. పొద్దునా సాయంత్రం దొర్లించాడు. మధ్యాహ్నం కూడా దొర్లించాడు, భయానికి. సీసా పచ్చబడగానే గవ్వెడే తీసి, చిన్న ఆల్చిప్ప దగ్గర మెల్లగా పోశాడు. చాలాసేపటికి చిప్ప కదిలింది.

"మామయ్యా, ఇంకొంచెం," అంది.

"రేపమ్మా. ఈసారి నిజం రేపు," అన్నాడు డొప్పయ్య, కళ్ళు తుడుచుకుంటూ.

"ఎంత తెలివైనవాడివి తమ్ముడూ!" అని ఆల్చిప్పక్క మురిసిపోయింది.

"ఊరుకో అక్కా. నా తెలివి మనల్ని ముంచింది, నా బద్ధకం గట్టెక్కించింది. పొగిడితే దాన్ని పొగుడు!"

"ఇకనైనా గవ్వలు కడుగుతావట్రా?" అంది నత్తపిన్ని.

"కడుగుతా పిన్నీ. ఒక్కటి తప్ప."

నీతి: మెప్పు కోసం ఉన్నదంతా ఒంపేయకండి, రేపటికి తోడు ఉంచుకోండి. కడగని గవ్వ అందరికీ దొరకదు.