ఉత్త బుధవారం నాడు పసుపు పూసుకున్న బండి

అనగనగా గోదారి లంకల్లో ఒక ఊళ్ళో, మంగతాయారు అనే కోడలు ఉండేదమ్మా. ఆవులకీ గేదెలకీ సూదిమందు వేయడం ఆవిడ పని. రోజూ పొద్దున్నే మోటార్ సైకిలెక్కి, కాలవ గట్టు మీదుగా పక్క ఊళ్ళకి వెళ్ళేది. ఆ గట్టు ఎంత సన్నమంటే, బండి జానెడు పక్కకి లాగిందా, ఇక నీళ్ళలోనే.

ఒకరోజు వాకిట్లోకి వచ్చి చూస్తే బండి మెడలో బంతిపూల దండ ఉంది. ఒళ్ళంతా పసుపు. ఎక్కడపడితే అక్కడ కుంకుమ బొట్లు.

అప్పుడు మంగతాయారుకి అనుమానం వచ్చింది. దసరా కాదు, కొత్త బండీ కాదు. ఉత్త బుధవారం నాడు బండికి పూజేంటి?

పూజ చేసింది ఎవరయ్యా అంటే మరిది సత్తిపండు. ముందురోజు సాయంత్రం క్షవరానికని ఆ బండి అడిగి తీసుకెళ్ళింది కూడా అతనే. జుట్టు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. వాళ్ళమ్మ అచ్చియమ్మేమో, చిన్నకొడుక్కి ఇన్నాళ్ళకి భక్తి కుదిరిందని మురిసిపోతోంది.

మంగతాయారు తాళం తీసి మరిది చేతిలో పెట్టింది. పూజ చేసినవాడే మొదట నడపాలట, గట్టు చివరిదాకా వెళ్ళి రమ్మంది.

సత్తిపండుకి వెంటనే కడుపునొప్పి వచ్చింది.

ఓహో అనుకుంది ఆవిడ. బండికి ఎదురుగా గొంతుక్కూచుని చూసింది. ముందు చక్రం తిన్నగానే ఉంది, హ్యాండిల్ మాత్రం అలిగినట్టు పక్కకి తిరిగి ఉంది. కుడిపక్క పసుపు కింద గీతలు. ఇదేమిటని అడిగితే, రాత్రి స్టాండు జారి పడిందన్నాడు. స్టాండు మీద ఎడమకి ఒరిగి నిలబడే బండి, జారితే కుడిపక్కన గీసుకుంటుందా అని అడిగింది. దానికి అతను గోడ మీది కాకుల వైపు చూశాడు.

ఆ తర్వాత ఆవిడ కుచ్చిళ్ళు దోపుకుని, ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకుంది. అతను బోల్టులు వదులు చేశాడు. ఒక్క తిప్పు తిప్పేసరికి హ్యాండిల్ తిన్నబడింది. బోల్టులు బిగించారు. మళ్ళీ తాళం అతని చేతిలోనే పెట్టింది.

ఈసారి సత్తిపండుకి రాహుకాలం గుర్తొచ్చింది. బుద్ధెరిగాక అతను పంచాంగం పేరెత్తడం అదే మొదలు.

అప్పుడు ఆవిడ చూపు నిమ్మకాయ మీద పడింది. నిమ్మకాయ చక్రం కింద పెడతారు గాని, కాలి బ్రేకు వెనక ఇరికిస్తారా? పీకి చూస్తే, బ్రేకు లోపలికి వంగి ఇంజనుకి ఆనుకుపోయింది. తొక్కితే కదలదు. ఇనప గొట్టం దూర్చి ఇద్దరూ కలిసి బయటికి లాగారు. అప్పుడు ఒప్పుకున్నాడు, మలుపులో కొబ్బరికాయల రాశిని గుద్ది కుడివైపు పడ్డానని. ఇంకేమైనా ఉందా అంటే, ఏమీ లేదని వాళ్ళమ్మ మీద ఒట్టేశాడు.

అంత తేలిగ్గా పడిన ఒట్టు చూసి మంగతాయారు అనుమానం ఇంకా బరువెక్కింది. మూడోసారి తాళం ఇవ్వబోతే అతను చేయి చాపలేదు.

ఆవిడ అత్తగారి వైపు తిరిగింది. పూజ చేసిన బండి కదా, ఎక్కండత్తయ్యా, గట్టు మీదుగా మీ చెల్లెలుగారింట్లో దింపేస్తానంది. అచ్చియమ్మ సంబరంగా చెప్పులేసుకుని వచ్చి సీటు మీద చేయి వేసింది.

"వద్దమ్మా, ఎక్కకు," అన్నాడు సత్తిపండు.

గబగబా వచ్చి చేతి బ్రేకు మీది పసుపు గోటితో గీకాడు. పసుపు కింద, బ్రేకు మొదలు దగ్గర, వెంట్రుకంత పగులు. గట్టిగా నొక్కితే ఊడి చేతిలోకి వచ్చేదే.

అచ్చియమ్మ సీటు మీంచి చేయి తీసేసింది.

"మీ అమ్మ ఎక్కబోతే వద్దన్నావు," అంది మంగతాయారు, గొంతు పెంచకుండా. "నేనెక్కుతానని తెలిసి దండ వేశావు."

"తిడతావని భయపడ్డా వదినా."

"తిట్లకి భయపడ్డావు. నా ప్రాణానికి భయపడలేదు."

సత్తిపండు తల దించుకున్నాడు. అచ్చియమ్మ బకెట్టుతో నీళ్ళు తెచ్చి, దండ తెంపి పారేసి, పసుపంతా తనే కడిగేసింది. ఇంకేం దాక్కుని ఉందో చూడాలిగా మరి. గీతలు తప్ప ఏమీ లేవు.

ఆ తర్వాత అతను నడిచి వెళ్ళి కొత్త బ్రేకు తెచ్చి బిగించాడు. ఈసారి ఎవరూ అడగలేదు. తనే తాళం తీసుకుని గట్టెక్కాడు. నడుమ నడుమ చేత్తో ఆపి, కాలితో ఆపి, చివరిదాకా వెళ్ళి వచ్చాడు. అత్తా కోడళ్ళు గట్టు మొదట నిలబడి రెప్ప వేయకుండా చూశారు.

"ఇప్పుడైనా నమ్ముతావా వదినా?"

మంగతాయారు రెండు బ్రేకులూ మళ్ళీ తనే నొక్కి చూసుకుంది.

"బండిని నమ్ముతాను. నీ సంగతి మెల్లగా చూద్దాం," అని సూదిమందుల సంచి భుజాన తగిలించుకుని గట్టు మీద సాగిపోయింది.

బండెక్కిన కథ కంచికి,
దిండెక్కిన మనం ఇంటికి.